టాటూ తీయించుకోవాలా..? లేజర్‌కు ఎన్ని సిట్టింగ్‌లు పడతాయి, మచ్చ పడకుండా ఏం చేయాలి.. వివరాలివే!

రాత పరీక్ష పాసయ్యారు. రన్నింగ్ గట్టెక్కింది. ఎత్తు, ఛాతీ కొలతలు ఓకే. ఇక మెడికల్ ఒక్కటే మిగిలింది అనుకునే టైంలో డాక్టర్ చూపు కుడి ముంజేతి మీద టాటూ దగ్గర ఆగింది..! ఇంటర్‌లో ఉన్నప్పుడు ఫ్రెండ్స్‌తో కలిసి సరదాగా వేయించుకున్న టాటూ అది. ఆర్మీ, కేంద్ర బలగాల ఉద్యోగాలకు తయారయ్యే చాలామంది కుర్రాళ్లకు ఈ భయం ఉంటుంది. ఇంకొందరిది వేరే బాధ. చేతి మీద పాత ప్రేమ తాలూకు పేరు.. ఇంట్లో పెళ్లి సంబంధాలు చూస్తున్నారు. కారణం ఏదైనా అందరూ అడిగేది ఒకటే. "ఇది పోతుందా? ఎన్ని రోజుల్లో పోతుంది?"

పోతుంది. చాలావరకు పోతుంది. కానీ రోజుల్లో కాదు, నెలల్లో! అసలు ఇబ్బంది అక్కడే వస్తోంది. తొందరలో ఉన్నవాళ్లే యాసిడ్ క్రీములు, పార్లర్ మెషీన్ల వైపు పరుగెడుతున్నారు. టాటూ పోగొట్టుకోబోయి జీవితాంతం ఉండే కాలిన మచ్చ తెచ్చుకుంటున్నారు.

ఉద్యోగం కోసమైతే ముందు రూల్ చూడండి

టాటూ ఉన్నంత మాత్రాన ఉద్యోగం రాదని కాదు. ఇండియన్ ఆర్మీ నిబంధనల ప్రకారం ముంజేయి లోపలి వైపు, అంటే మోచేయి నుంచి మణికట్టు వరకు ఉన్న టాటూను ఒప్పుకుంటారు. అరచేతికి వెనుక వైపు ఉన్నా ఫర్వాలేదు. శరీరంలో ఇంకెక్కడ ఉన్నా కుదరదు. గిరిజన తెగల అభ్యర్థులకు వాళ్ల ఆచారం ప్రకారం వేయించుకున్న పచ్చబొట్ల విషయంలో మినహాయింపు ఉంది.

సీఆర్‌పీఎఫ్, బీఎస్‌ఎఫ్, సీఐఎస్‌ఎఫ్ లాంటి కేంద్ర బలగాల కానిస్టేబుల్ జీడీ పోస్టులకు రూల్ కాస్త వేరు. దేవుడి బొమ్మలు, మత చిహ్నాలు, పేరు లాంటివి ఓకే. ఉండాల్సిన చోటు మాత్రం ఎడమ ముంజేయి లోపలి వైపు, లేదంటే చేతుల వెనుక భాగం. కుడిచెయ్యి సెల్యూట్ చేసే చెయ్యి కాబట్టి ముంజేతి విషయంలో ఎడమ చేతికే అనుమతి. సైజు కూడా ఆ శరీర భాగంలో నాలుగో వంతు కంటే తక్కువ ఉండాలి. కాబట్టి ఎడమ ముంజేతి లోపల చిన్న ఓంకారం ఉన్న కుర్రాడు కంగారుపడి తీయించుకోవాల్సిన పనిలేదు. అప్లై చేసే పోస్టు నోటిఫికేషన్‌లో 'టాటూ' అన్న పేరా ఒకసారి చదువుకుంటే బోలెడంత ఖర్చు, నొప్పి తప్పుతాయి. తుది మాట ఎప్పుడూ మెడికల్ బోర్డుదే అన్నది మాత్రం గుర్తుంచుకోవాలి.

అసలు టాటూ ఎందుకు పోదు?

చర్మం పై పొర ఎప్పటికప్పుడు రాలిపోయి కొత్తది వస్తూనే ఉంటుంది. గోరింటాకు అందుకే కొన్ని రోజులకు వెలిసిపోతుంది. టాటూ సూది మాత్రం ఆ పొర దాటి, కింద ఉండే 'డెర్మిస్' అనే పొరలో ఇంక్ వదులుతుంది. బయటి నుంచి ఏదో వచ్చిందని ఒంట్లోని రక్షణ కణాలు ఆ ఇంక్‌ను మింగేస్తాయి. వీటినే మాక్రోఫేజ్‌లు అంటారు. మింగుతాయి కానీ అరిగించుకోలేవు. ఇంక్ రేణువులు వాటికి మరీ పెద్దవి. దాంతో ఆ కణాలు ఇంక్‌ను పొట్టలో పెట్టుకుని అక్కడే ఉండిపోతాయి.

ఆ కణాలు చచ్చిపోతే? 2018లో ఫ్రాన్స్ పరిశోధకులు ఎలుకల మీద ఇదే చూశారు. పాత కణం చచ్చిపోగానే వదిలేసిన ఇంక్‌ను పక్కనే పుట్టిన కొత్త కణం మింగేస్తోంది. ఒకరి చేతిలోంచి ఇంకొకరి చేతిలోకి మారుతుందే తప్ప ఇంక్ బయటికి పోవడం లేదు! నలభై ఏళ్ల కిందటి పచ్చబొట్టు కూడా మసకబారుతుందే కానీ పోకపోవడానికి కారణం ఇదే. పైన ఏ క్రీమ్ రాసినా లాభం ఎందుకు ఉండదో కూడా దీన్నిబట్టి అర్థమవుతుంది. ఇంక్ దాకా క్రీమ్ చేరదు. చేరేంత ఘాటు ఉందంటే మధ్యలో ఉన్న చర్మాన్ని తినేసిందని అర్థం.

లేజర్ ఏం చేస్తుంది?

ప్రస్తుతం టాటూ తీయడానికి డాక్టర్లు మొదట చెప్పే మార్గం లేజర్. ఇది ఇంక్‌ను పీల్చి బయటికి తీయదు, కాల్చి బూడిద చేయదు. రాయిని సుత్తితో కొట్టినట్టు పెద్ద ఇంక్ రేణువును ముక్కలు చేస్తుంది. అంతే. ఆ చిన్న ముక్కలను మోసుకెళ్లి వదిలించుకునే పని ఒంటిదే. ఎక్కువ భాగం లింఫ్ నాళాల ద్వారా వెళ్తుంది. ఈ మోసుకెళ్లే పనికి వారాలు పడుతుంది కాబట్టే సిట్టింగ్‌కూ సిట్టింగ్‌కూ మధ్య కనీసం 6 నుంచి 8 వారాల గ్యాప్ ఇస్తారు. డాక్టర్ డబ్బుల కోసం సాగదీస్తున్నారని అనుమానపడేవాళ్లు ఉంటారు. నిజానికి నెలకు రెండుసార్లు కొడతామనే క్లినిక్‌నే అనుమానించాలి.

రంగున్న దాని మీదే లేజర్ పనిచేసి, చుట్టూ ఉన్న చర్మాన్ని వదిలేయొచ్చన్న సూత్రాన్ని 1983లో అమెరికా శాస్త్రవేత్తలు రాక్స్ ఆండర్సన్, జాన్ పారిష్ ప్రతిపాదించారు. దానికి కావాల్సింది వేగం. సెకనును వంద కోట్ల భాగాలు చేస్తే అందులో ఒక భాగం నానోసెకను. కొన్ని నానోసెకన్లలోనే వెలుగు కొట్టి ఆగిపోతే ఇంక్ పగులుతుంది, వేడి పక్కకు పాకేలోపు పని అయిపోతుంది. వీటిని క్యూ-స్విచ్డ్ లేజర్లు అంటారు. మన దగ్గర క్లినిక్‌లలో ఎక్కువగా కనిపించే 'ఎన్‌డీ-యాగ్' మెషీన్ ఈ రకమే. 2012లో అమెరికాలో అనుమతి పొందిన 'పికో' లేజర్ ఇంకా వేగం. కొన్ని రంగులకు, మొండికేసిన టాటూలకు దీంతో సిట్టింగ్‌లు తగ్గుతాయి. మామూలు నల్ల టాటూకు మాత్రం పికో అని పేరు చెప్పి రెట్టింపు రేటు అడిగితే, ఎందుకని అడగడంలో తప్పులేదు.

సిట్టింగ్ జరిగేది కాసేపే. ముందు మత్తు క్రీమ్ రాసి ముప్పావు గంట, గంట కూర్చోబెడతారు. కళ్లకు ప్రత్యేక అద్దాలు పెడతారు. ఇవి తప్పనిసరి, ఎందుకంటే లేజర్ నేరుగా పడితే చూపే పోవచ్చు. తర్వాత టక్ టక్ మని శబ్దం. కాగుతున్న నూనె చుక్కలు చిట్లి పడినట్టు, రబ్బర్ బ్యాండ్ లాగి వదిలినట్టు ఉంటుందని చేయించుకున్నవాళ్లు చెబుతారు. లేజర్ తగలగానే టాటూ తెల్లగా మారిపోతుంది. ఒక్క దెబ్బకు పోయిందని సంబరపడొద్దు! అది లోపల ఏర్పడిన గాలి బుడగల వల్ల వచ్చే తెలుపు. పావుగంట, ఇరవై నిమిషాల్లో తగ్గి, మళ్లీ టాటూ కనిపిస్తుంది. అసలు తేడా తెలిసేది తర్వాతి వారాల్లోనే.

మీ రంగు, టాటూ రంగు.. రెండూ ముఖ్యమే

మనవాళ్లు బాగా గుర్తుంచుకోవాల్సిన విషయం ఇది. లేజర్ రంగును వెతుక్కుని కొడుతుంది. చర్మంలోని మెలనిన్ కూడా రంగే కదా! చామనఛాయ, నల్లటి చర్మం ఉన్నవాళ్లకు తప్పుడు లేజర్ వాడితే ఇంక్‌తో పాటు చర్మం సొంత రంగు కూడా దెబ్బతింటుంది. టాటూ పోయి, అదే ఆకారంలో తెల్లమచ్చ మిగులుతుంది. లేదంటే అక్కడే ఇంకా నల్లబడుతుంది. పేరు పోయిందనుకుంటే తెల్లటి అక్షరాల్లో మళ్లీ చదువుకోవాల్సిన పరిస్థితి!

అందుకే మన చర్మానికి 1064 నానోమీటర్ల ఎన్‌డీ-యాగ్ లేజర్‌ను సురక్షితమైనదిగా చూస్తారు. ఇది మెలనిన్‌ను పెద్దగా పట్టించుకోకుండా లోతుకు వెళ్తుంది. నలుపు, ముదురు నీలం ఇంక్ దీనికి బాగా లొంగుతాయి. ఎరుపు రంగుకు 532 నానోమీటర్లు కావాలి. దాన్ని మెలనిన్ కూడా బాగా పీల్చుకుంటుంది కాబట్టి మన చర్మం మీద ఆచితూచి వాడాలి. ఆకుపచ్చ, లేత నీలానికి 755 లేదా 694 నానోమీటర్ల వేరే లేజర్లు ఉంటాయి. పసుపు రంగు మొండిది. అంటే నల్ల అక్షరాలతో రాసిన పేరు సులువు. రంగురంగుల నెమలి ఈక కష్టం.

తెలుపు, చర్మం రంగు ఇంక్‌లది ఇంకో చిక్కు. వీటిలో టైటానియం డయాక్సైడ్, ఐరన్ ఆక్సైడ్ ఉంటాయి. లేజర్ తగలగానే కొన్నిసార్లు తెలుపు కాస్తా నల్లబడిపోతుంది. బ్యూటీ క్లినిక్‌లలో కనుబొమ్మలకు, పెదాలకు వేసే పర్మనెంట్ మేకప్‌లోనూ ఇవే రంగులు ఉంటాయి. దాన్ని తీయించుకునేవాళ్లు మొత్తం ఒకేసారి చేయించుకోకూడదు. కనపడని మూల చిన్న చుక్క మీద టెస్ట్ చేయించుకుని, ఫలితం చూశాకే ముందుకు వెళ్లాలి.

ఎన్ని సిట్టింగ్‌లు? లెక్క ఇలా వేస్తారు

డాక్టర్లకు దీనికో స్కోర్ ఉంది. 2009లో వచ్చిన కిర్బీ-దేశాయ్ స్కేల్. చర్మం రంగు, టాటూ ఉన్న చోటు, ఇంక్ ఎంత పట్టించారు, ఎన్ని రంగులు, పాత టాటూ మీద కొత్తది వేశారా, మచ్చ ఏమైనా ఉందా.. ఈ ఆరింటికీ మార్కులు వేసి కూడితే సుమారుగా ఎన్ని సిట్టింగ్‌లు పడతాయో తెలుస్తుంది. ఛాతీ, మెడ, వీపు మీద టాటూ త్వరగా పోతుంది. చేతివేళ్లు, చీలమండ దగ్గర ఆలస్యం. గుండెకు దూరమయ్యేకొద్దీ రక్త ప్రసరణ, లింఫ్ ప్రవాహం తగ్గుతాయి, ముక్కలైన ఇంక్‌ను మోసుకెళ్లే వేగమూ తగ్గుతుంది.

352 మంది మీద జరిగిన ఒక ఇటలీ అధ్యయనం 2012లో వచ్చింది. 10 సిట్టింగ్‌ల తర్వాత విజయవంతంగా టాటూ పోయింది సుమారు 47 శాతం మందికే. 15 సిట్టింగ్‌లకు అది 75 శాతం దాకా పెరిగింది. ఇదే అధ్యయనంలో సిగరెట్ తాగేవాళ్లకు 10 సిట్టింగ్‌లలో టాటూ పోయే అవకాశం బాగా తగ్గినట్టు తేలింది. "మూడు సిట్టింగ్‌లలో క్లీన్" అన్న బోర్డు కనిపిస్తే ఈ అంకెలు గుర్తు తెచ్చుకోండి.

ఇప్పుడు క్యాలెండర్ తీయండి. 8 సిట్టింగ్‌లు అనుకుందాం. మధ్యలో 7 గ్యాప్‌లు. ఆరేసి వారాలు అనుకుంటే 42 వారాలు, అంటే సుమారు 10 నెలలు. ఎనిమిదేసి వారాలైతే 56 వారాలు, ఏడాది దాటిపోయింది! మెడికల్‌లో రిజెక్ట్ అయ్యాక రివ్యూకు ఇచ్చే గడువులో ఇది తెమిలే పని కాదు. పోలీస్, ఆర్మీ ఉద్యోగం మీద గురి ఉన్న కుర్రాళ్లు కోచింగ్‌లో చేరే రోజే టాటూ సంగతి కూడా తేల్చుకోవాలి. నోటిఫికేషన్ పడేదాకా ఆగితే ఆలస్యమే. పెళ్లి ముహూర్తం సంగతీ అంతే.

అమ్మమ్మల నాటి పచ్చబొట్టు సులువే

జాతరలో, తిరునాళ్లలో కూర్చోబెట్టి పొడిపించిన పాత పచ్చబొట్లు చాలావరకు మసితో చేసిన నల్లరంగువే. మెషీన్‌తో వేసిన టాటూలంత ఇంక్ వాటిలో ఉండదు, ఏళ్లు గడిచి కొంత వెలిసిపోయి కూడా ఉంటుంది. అందుకే లేజర్‌కు ఇవి త్వరగా లొంగుతాయి. నాలుగైదు సిట్టింగ్‌లలోనే బాగా తేడా కనిపించే అవకాశం ఉంది. చిన్నప్పుడు కాంపస్ ముల్లుతో, పెన్ను ఇంక్‌తో చేతిమీద పొడుచుకున్న అక్షరాలదీ ఇదే తీరు. కాకపోతే సూది ఎక్కడ ఎంత లోతుకు దిగిందో లెక్క ఉండదు కాబట్టి అక్కడక్కడా చుక్కలు మొండికేస్తాయి.

ఆపరేషన్ చేసి తీసేస్తే?

చిన్న టాటూ అయితే ఇదీ ఒక దారే. లోకల్ అనస్తీషియా ఇచ్చి, టాటూ ఉన్న చర్మం ముక్కను కోసి తీసేసి, అంచులు కలిపి కుట్లు వేస్తారు. ఒక్కరోజులో టాటూ పోతుంది. దాని బదులు ఒక గీతలాంటి మచ్చ మాత్రం ఖాయంగా ఉంటుంది. చేతి మీద రెండు అక్షరాలు, చిన్న గుర్తు లాంటివాటికి, చర్మం వదులుగా ఉన్న చోట పనికొస్తుంది. పెద్దదైతే నెలల తేడాతో రెండు మూడు విడతలుగా కోయాలి. భుజం, ఛాతీ మధ్యలో, ఇంకా పాత దెబ్బ మచ్చలు గడ్డకట్టి ఉబ్బే అలవాటున్న ఒంటికి ఇది మంచిది కాదు. కీలాయిడ్ వస్తే టాటూ కంటే అదే పెద్ద తలనొప్పి.

చర్మాన్ని మెషీన్‌తో అరగదీసే డెర్మాబ్రేషన్ పద్ధతి ఒకప్పుడు ఉండేది. ఇప్పుడు మచ్చల భయంతో దాదాపు వదిలేశారు.

తీయడం కాదు.. మార్చేయడం

పేరు ఒక్కటే ఇబ్బంది అయితే దాని మీద ఆకు, పువ్వు, వేరే డిజైన్ వేసి కప్పేయొచ్చు. దీన్ని కవర్ అప్ అంటారు. అయితే కొత్తది పాతదానికంటే పెద్దగా, ముదురుగా ఉండాలి. అది కూడా నచ్చకపోతే అప్పుడు తీయడం రెట్టింపు కష్టం, ఎందుకంటే రెండు పొరల ఇంక్. మధ్యే మార్గంగా రెండు మూడు లేజర్ సిట్టింగ్‌లతో పాతదాన్ని వెలిసేలా చేసి, ఆ తర్వాత దానిమీద డిజైన్ వేయించుకునేవాళ్లూ ఉన్నారు. ఉద్యోగం కోసం తీయించుకునేవాళ్లకు ఇది పనికిరాదని వేరే చెప్పక్కర్లేదు. ఒక్క పెళ్లిచూపులకో, ఫంక్షన్‌కో అయితే వాటర్‌ప్రూఫ్ కన్సీలర్ చాలు.

వీటి జోలికి వెళ్లొద్దు

ఆన్‌లైన్‌లో అమ్మే టాటూ రిమూవల్ క్రీములకు అమెరికా ఎఫ్‌డీఏ ఒక్కదానికీ అనుమతి ఇవ్వలేదు. కొన్నింటిలో చర్మాన్ని కాల్చే యాసిడ్లు ఉంటాయి. ఉప్పుతో రక్తం వచ్చేలా రుద్దడం, సున్నం పెట్టడం, అగరబత్తితో కాల్చుకోవడం.. ఇవన్నీ వీడియోల్లో చూసి చేసేవాళ్లున్నారు. టాటూ కింది పొరలో అలాగే ఉంటుంది, పైన పుండు పడుతుంది. పుండు మానాక మచ్చ కింద ఉన్న ఇంక్‌ను లేజర్‌తో తీయడం కూడా కష్టమైపోతుంది. మెడికల్ బోర్డు ముందు కాలిన మచ్చతో నిలబడితే దానికీ సమాధానం చెప్పుకోవాలి.

'లేజర్ లేకుండా టాటూ రిమూవల్' అంటూ కొన్ని స్టూడియోల్లో టాటూ మెషీన్‌తోనే చర్మంలోకి ఏదో ద్రవం ఎక్కిస్తారు. అందులో యాసిడ్ ఉంటే మచ్చ పడే ప్రమాదం ఎక్కువ. వెంట్రుకలు తీసే ఐపీఎల్ మెషీన్ కూడా టాటూకు పనికిరాదు. దాని వెలుగు పడే సమయం లేజర్ కంటే చాలా ఎక్కువ, ఆ వేడికి చర్మం కాలుతుంది. చూడ్డానికి రెండూ మెరుపులే కాబట్టి పార్లర్‌లో తేడా తెలియదు.

సిట్టింగ్ తర్వాత ఇంట్లో..

ఎర్రబడటం, వాపు, ఒక్కోసారి నీటి పొక్కులు రావడం మామూలే. పొక్కును సూదితో పొడవొద్దు, పక్కు కట్టాక గిల్లొద్దు. మచ్చలు చాలావరకు అలా గిల్లడం వల్లే వస్తాయి. డాక్టర్ రాసిన ఆయింట్‌మెంట్ లేదా మామూలు పెట్రోలియం జెల్లీ రాసి, గాజు గుడ్డతో కప్పి ఉంచితే చాలు. మానేదాకా ఈతకు, చెరువు స్నానానికి దూరం. మన ఎండలకు సన్‌స్క్రీన్ ఎస్‌పీఎఫ్ 30 తక్కువ కాకుండా రాయాలి, పొడుగు చేతుల చొక్కా అయితే ఇంకా మంచిది. గ్రౌండ్‌లో రోజూ ప్రాక్టీస్ చేసే కుర్రాళ్లకు ఇది కష్టమే, కానీ ఎండకు నల్లబడిన చర్మం మీద తర్వాతి సిట్టింగ్ చేయరు. చీము, జ్వరం, పెరిగే నొప్పి ఉంటే మాత్రం ఆగకుండా డాక్టర్‌కు చూపించాలి.

గర్భిణులకు సాధారణంగా వాయిదా వేస్తారు. మొటిమలకు ఐసోట్రెటినోయిన్ మాత్రలు వాడుతున్నవాళ్లు, కీళ్లవాతానికి గతంలో బంగారు లవణాల ఇంజెక్షన్లు తీసుకున్నవాళ్లు ఆ సంగతి ముందే చెప్పాలి. బంగారం ఒంట్లో ఉంటే లేజర్ తగిలిన చోట చర్మం శాశ్వతంగా నీలంగా మారొచ్చు. టాటూలో ఎర్ర ఇంక్ ఉన్నచోట ఎప్పుడైనా దురద, దద్దు వచ్చి ఉంటే అదీ దాచొద్దు. ముక్కలైన ఇంక్ ఒంట్లోకి వెళ్లి అలర్జీ పెంచొచ్చు. టాటూ మధ్యలో పుట్టుమచ్చ ఉంటే ముందు దాన్ని పరీక్ష చేయించాలి. దానిమీద లేజర్ కొట్టించకూడదు.

డబ్బులు ఇచ్చే ముందు..

లేజర్ పట్టుకునేది ఎవరో అడగండి. చర్మవైద్యంలో ఎండీ డీవీఎల్, డీడీవీఎల్, డీఎన్‌బీ లాంటి డిగ్రీ ఉందా? మెషీన్ ఏది, 1064 ఉందా? మన చర్మం రంగు వాళ్లకు తీసిన టాటూల ఫొటోలు, మొదటిదీ చివరిదీ చూపించగలరా? రేటు సిట్టింగ్‌కా, చదరపు అంగుళానికా? మత్తు క్రీమ్, డ్రెస్సింగ్ దానిలోనే కలిసాయా? కాస్మెటిక్ పని కాబట్టి హెల్త్ ఇన్సూరెన్స్ వర్తించదు, మొత్తం జేబులోంచే. అందుకే పది సిట్టింగ్‌ల ప్యాకేజీకి ముందే డబ్బంతా కట్టేయకుండా, మొదట చిన్న చోట టెస్ట్ ప్యాచ్ చేయించుకుని ఆరు వారాలు చూడటం మేలు. టాటూ వేయించుకుని రెండు నెలలు కూడా కాకపోతే అది పూర్తిగా మానేదాకా ఏ మంచి డాక్టరూ లేజర్ మొదలుపెట్టరు.